మా వీధిలో ‘రాగి బిందె’ లేచిన కథ

మీ ప్రశ్న ఇది: నగరం నడిబొడ్డున మీ వీధిలో పాత ఇల్లు పడగొట్టి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కట్టబోతున్నారు. ముందు భాగమంతా అద్దాలూ రేకులూ. వీధిలో ఎవరికీ నచ్చలేదు. డిజైన్ మార్పించే హక్కు చుట్టుపక్కల వాళ్లకు ఉందా, ఇలాంటిది ఎవరైనా ఎదుర్కొన్నారా అని అడిగారు.

ఎదుర్కొన్నాను. మాది హైదరాబాద్ చిక్కడపల్లి, త్యాగరాయ గానసభకు నడిచి వెళ్లేంత దూరంలో ఒక 30 అడుగుల వీధి. 2021 చివరి నుంచి దాదాపు మూడేళ్లు మా ఎదురుగా ఇదే జరిగింది. మీ మొదటి ప్రశ్నకు జవాబు మీకు రుచించదు. ఎలివేషన్, అంటే ముందు భాగం రూపం, బాగా లేదన్న కారణంతో ఎవరూ ఏమీ ఆపలేరు. కానీ ఆపగలిగినవి, మార్పించగలిగినవి వేరే ఉన్నాయి. వాటిని మేము ఆలస్యంగా తెలుసుకున్నాం.

పడగొట్టిన ఇల్లు డంగు సున్నంతో కట్టినది. లోపల షాహాబాద్ బండలు, టేకు తలుపులు, పెరట్లో వేప చెట్టు. వారసులు నలుగురు, ముగ్గురు విదేశాల్లో. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలై, మా పేటకే ఒక స్టేషన్ వచ్చాక అలాంటి ఇల్లు నిలబడటం కష్టం. సుమారు 1100 గజాల స్థలం, కట్టే ఫ్లాట్లలో వాటాకు బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇచ్చారు. సగం సగం వాటా అని విన్నాం. కూల్చడానికి వచ్చిన మనిషే ఎదురు డబ్బిచ్చి టేకు, ఇనుము పట్టుకెళ్లాడు. నాలుగు రోజుల్లో ఇల్లు లేదు.

తర్వాతి వారం గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆ బొమ్మను మా వీధంతా నిలబడి చూసింది. రాగి రంగు రేకు పట్టీలు నిలువుగా, నల్లటి అద్దాలు, బాల్కనీలకు గాజు పిట్టగోడలు. దాని ముందు మా వీధి 60 అడుగులైంది. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ మాయం. రెండు వైపులా ఈత చెట్ల లాంటివేవో. ఉత్తరం పక్కన మామ్మగారి పెంకుటిల్లు ఉండాల్సిన చోట పచ్చిక. మామ్మగారు కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, “నన్ను కూడా కొనేశారా ఏమిటి?” అన్నారు. ఆవిడే దానికి రాగి బిందె అని పేరు పెట్టారు. ఈ రోజుకీ ఆటోవాళ్లకు దారి చెప్పాలంటే మేము ఆ పేరే వాడతాం.

అందరూ ఒకే మాట మీద ఉన్నారని మాత్రం అనుకోకండి. కిరాణా కొట్టాయనకు ఇరవై కొత్త వంటిళ్లు కనిపించాయి. ఇడ్లీ బండి ఆమెకు రోజూ ముప్పై మంది కూలీలు. నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు గదులు అద్దెకిచ్చే ఒక ఇంటాయన మాత్రం లోలోపల లెక్కలు వేసుకుంటూ పైకి వ్యతిరేకించారు. మా పై అంతస్తు రిటైర్డ్ మాస్టారి అభ్యంతరం పూర్తిగా వాస్తు. మా స్థలానికి ఈశాన్యాన అంత బరువు లేవకూడదని. మా నాన్నగారికి వేప చెట్టు పోయిందని బాధ. నాకు, నిజం చెప్పాలంటే, పొద్దుటి ఎండ పోతుందని. మాది తూర్పు ముఖం ఇల్లు, రెండో అంతస్తు.

ఈ మాట మామ్మగారి దగ్గర అన్నాను. ఆవిడ వెంటనే, “1994లో మీ బిల్డింగ్ లేచినప్పుడు నా వడియాలకు సాయంత్రం ఎండ పోయింది నాయనా. అప్పటిదాకా ఐదింటి వరకూ ఆరేవి. మీరు వచ్చాక మూడింటికే నీడ. అప్పుడు నన్ను ఎవరడిగారు?” అన్నారు. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు. ఇప్పుడు దక్షిణం వైపు కూడా లేస్తే ఆవిడకు చలికాలపు ఎండ మొత్తం పోతుంది. సూర్యుడు ఆ నెలల్లో దక్షిణం వైపు వాలి నడుస్తాడు కదా. నా దగ్గర జవాబు లేదు.

సరే, మేము చేసిన మొదటి తప్పు చెబుతాను. 23 సంతకాలతో ఒక అర్జీ రాశాం. “వీధి అందం దెబ్బతింటుంది, పాత వాతావరణానికి తగినట్టు డిజైన్ మార్చాలి” అని. భాష చాలా బాగా కుదిరింది, మాస్టారు రాశారు. దాని మీద ఎవరూ ఒక్క అడుగు వేయలేదు, వేయలేరు కూడా. వారసత్వ కట్టడంగా గుర్తించినవాటి సంగతి వేరు. మామూలు వీధిలో ముఖభాగం ఎలా ఉండాలో చెప్పే నిబంధన మనకు లేదు. 2006లో వచ్చిన 86వ జీవోతో హైదరాబాద్‌లో స్థలానికి ఇంత నిష్పత్తిలోనే కట్టాలన్న పరిమితి కూడా పోయింది. 2012 నాటి 168వ జీవో అదే దారిలో నడిచింది. రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, భవనం ఎత్తు, ఈ మూడింటిని బట్టి చుట్టూ ఎంత ఖాళీ వదలాలో చెబుతుంది. అంటే ప్లాను మీద పక్కింటివాడి చేతిలో ఉన్న ఆయుధం ఆ ఖాళీ ఒక్కటే. అందం గురించి కాగితాలు ఖర్చు చేయకండి.

రెండోది, నేను గర్వంగా చెప్పుకునేది. తవ్వకం మొదలవక ముందే మామ్మగారి ఇల్లంతా ఫొటోలు తీశాను. నాకు తట్టిన ఆలోచన కాదు, మా బావగారు సివిల్ ఇంజినీరు, ఆయన ఫోనులో చెప్పారు. ప్రతి గోడా, ప్రతి మూలా, ఆ రోజు దినపత్రిక ఫ్రేములో కనిపించేలా. అప్పటికే ఉన్న పగుళ్ల పక్కన పెన్సిలుతో గీత, తేదీ. పూజ గదిలో ఉన్న పాత పగులు మీద సన్నని గాజు ముక్కను అడ్డంగా పెట్టి రెండు చివరలా సిమెంటుతో అతికించాం. గోడ కదిలితే గాజు చిట్లుతుంది. ఆ ఫొటోలన్నీ ఒక ప్రతి తీయించి, బిల్డర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం.

సెల్లార్ తవ్వకం ఏప్రిల్‌లో మొదలై జూలై దాకా సాగింది. మన నేల తెలుసు కదా, నాలుగడుగుల మట్టి, కాస్త మొరం, ఆ కింద నల్లరాయి. పొద్దున్న ఎనిమిదింటికి రాయి పగలగొట్టే బ్రేకర్ యంత్రం మొదలైతే మా వంటింట్లో గిన్నెలు పళ్లు కొరికినట్టు మోగేవి. కొన్ని రోజులు రాత్రి పదకొండు దాకా నడిపారు. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతంలో మోత చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదు. ఇది బిల్డర్‌కు తెలియదని కాదు, ఎవరూ అడగరని. వీడియోలో గడియారం కనిపించేలా తీసి వంద నంబరుకు ఫోను చేస్తే రెండో రాత్రికే ఆగింది.

రాతిని వేరేలా పగలగొట్టవచ్చని కూడా అప్పుడే తెలిసింది. రాతికి వరసగా రంధ్రాలు వేసి, సున్నం ప్రధానంగా ఉండే ఒక పొడిని నీళ్లతో కలిపి పోస్తారు. అది మెల్లగా ఉబ్బుతూ రాత్రికి రాత్రి చప్పుడు లేకుండా రాతిని చీలుస్తుంది. ఖర్చు ఎక్కువ, ఆలస్యం ఎక్కువ. అయినా మామ్మగారి గోడకు దగ్గరి భాగంలోనైనా అలా చేయమని పట్టుబట్టాం, సగం దూరం ఒప్పుకున్నారు. మీరు ముందే అడగండి, బ్రేకర్ దిగాక అడిగితే బేరం కుదరదు.

జూలై రెండో వారం రాత్రి వాన. తెల్లవారేసరికి మామ్మగారి ప్రహరీ పన్నెండడుగుల మేర గుంతలోకి ఒరిగిపోయింది. తులసి కోట అంచున వేలాడుతోంది. పూజ గదిలో గాజు ముక్క సరిగ్గా మధ్యకు చిట్లింది. బిల్డర్ మేనేజరు వచ్చి, ఇల్లు పాతది, పగుళ్లు ముందు నుంచే ఉన్నాయి అన్నాడు. మామ్మగారు మాట్లాడలేదు. లోపలికి వెళ్లి ఫొటోల కట్ట తెచ్చి అతని చేతిలో పెట్టారు. తిరగేశాడు. పెన్సిలు గీత దాటి పగులు జానెడు ముందుకు వెళ్లి ఉంది. ఆ మధ్యాహ్నానికే ఇసుక బస్తాలు దిగాయి. ప్రహరీ కొత్తగా కట్టించారు, పూజ గది పూత వేయించారు. ఆ ఫొటోలు లేకపోతే ఏమయ్యేదో నాకు అనుమానం లేదు. వానాకాలం ముందే తవ్వకం ముగించి అడ్డుగోడ లేపాలని మీరు రాతపూర్వకంగా అడగండి. మిగతా అన్ని అభ్యంతరాల కన్నా ఇది ముఖ్యం.

ఇక కొలతలు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో 8 ఫ్లాట్లకు మించి కట్టి అమ్మేవాళ్లు రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో, నమోదు చేయించాలి. ఆ వెబ్‌సైటులో మంజూరైన ప్లాను దొరుకుతుంది. అది అచ్చు వేయించుకుని, టేపు పట్టుకుని నిలబడటమే మా ఆదివారాల పని అయిపోయింది. స్తంభాలు ప్లాను ప్రకారమే లేచాయి. రెండో స్లాబ్‌కు సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద వేసే చెక్కల అచ్చు) కొట్టినప్పుడు చూస్తే ఉత్తరం వైపు చెక్కలు స్తంభాల వరస దాటి మూడడుగులు బయటికి వచ్చాయి. ‘హై రైజ్’ కోవలోకి రాని ఇలాంటి ఐదంతస్తుల భవనాల్లో వదలాల్సిన ఖాళీలోకి బాల్కనీ పొడుచుకు రాకూడదు. ఈసారి అర్జీలో అందం, వాతావరణం, సంప్రదాయం ఏమీ లేవు. ప్లాను పేజీ, టేపు కనిపించే ఫొటో, మూడు వాక్యాలు. ప్లాను మంజూరు చేసిన కార్పొరేషన్ నుంచి కొలవడానికి మనిషి వచ్చాడు. కానీ అతను వచ్చేలోగా రెండో స్లాబ్ పోసేశారు. మూడో అంతస్తు నుంచి వెనక్కి తగ్గించారు. రెండో అంతస్తు బాల్కనీ మాత్రం ఇప్పటికీ కింది పెదవిలా బయటికి ఉంది.

ఒత్తిడి పనిచేయడానికి ఒక కారణం ఉంది, తెలుసుకోండి. అనుమతి ఇచ్చేటప్పుడే కట్టబోయే విస్తీర్ణంలో 10 శాతాన్ని మంజూరు చేసిన సంస్థకు తనఖా పెట్టించుకుంటారు. నివాసయోగ్యతా పత్రం వచ్చాకే అది విడుదలవుతుంది. ఆ పది శాతమంటే బిల్డర్‌కు దాదాపు రెండు ఫ్లాట్ల డబ్బు. చివరి దశలో అతనికి కావలసింది ఆ పత్రం. మీ ఫిర్యాదులన్నీ తేదీలతో ఫైలులో ఉండాలనేది అందుకే.

డిజైన్ మీద మాకు దక్కిన ఒకే ఒక గెలుపు వాదించి సాధించింది కాదు. మెట్ల భాగానికి పై అంతస్తుల దాకా నల్లటి అద్దం బిగించారు. అది పడమటి ముఖం. నాలుగింటికి ఎండ మా డాబా మీదుగా వెళ్లి ఆ అద్దానికి తగిలి తిరిగి మా వంటింట్లోకి దిగేది. మా ఆవిడ నెల రోజులు చలువ కళ్లద్దాలు పెట్టుకుని టీ పెట్టింది. బిల్డర్‌కు వీడియో పంపాం, నవ్వు బొమ్మ పంపాడు. కానీ ఏప్రిల్‌లో ఫ్లాట్లు చూడటానికి వచ్చినవాళ్లు ఆ మెట్ల దారిలో ఉడికిపోయి, కొనకుండా వెళ్లిపోయారు. మే నెలలో అద్దం దించి సిమెంటు జాలీ పెట్టారు. మా పాత ఇళ్లన్నిటికీ మెట్ల దగ్గర ఉండేది అదే జాలీ.

ఇప్పుడు ఇరవై కుటుంబాలూ దిగాయి. సెల్లార్ ర్యాంపు నీళ్లు వీధిలోకి వస్తున్నాయన్న గొడవ ఇంకా సాగుతోంది. మంజీరా నీళ్లు వచ్చే గంటలో వాళ్లు మోటారు వేస్తే మాకు తీగలా వస్తాయి, దాని మీద వచ్చే నెల రెండు భవనాల సంఘాలూ కూర్చోవాలి. రాగి పట్టీలు ధూళి పట్టి ఇత్తడి రంగుకు వచ్చాయి. పావురాలకు ఆ పట్టీల వెనక సందు బాగా నచ్చింది.

మామ్మగారు మొన్నటి వేసవిలో వాళ్ల వాచ్‌మన్ భార్యను పిలిచి, వడియాల చాప రాగి బిందె మీదికి లిఫ్టులో పంపించారు. ఐదో అంతస్తు పైన, ఎవరి నీడా పడని చోటు. సంఘం వాళ్లు మొదట అభ్యంతరం పెట్టారట. ఆవిడ ఫొటోల కట్ట ఇంకా తన దగ్గరే ఉందని కబురు చేశారు.

మీ వీధిలో తవ్వకం ఇంకా మొదలు కాలేదంటే ఈ ఆదివారమే కెమెరా తీయండి. పక్క గోడ ఎవరిదో వాళ్లను వెంటబెట్టుకుని, ఆ రోజు పేపరు మరిచిపోకుండా.