సగంలో మళ్లీ స్కాన్ అన్నారంటే మొదటి ప్లాన్ తప్పనా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. గొంతు క్యాన్సర్‌కి 35 సిట్టింగుల రేడియేషన్ రాశారు, 18 అయ్యాయి. 7 కిలోలు తగ్గిపోయారు, సిట్టింగ్‌లో తల, మెడ కదలకుండా పెట్టే మాస్క్ వదులైంది. ఇప్పుడు మళ్లీ సీటీ తీసి, పాత స్కాన్‌తో కంప్యూటర్‌లో కలిపి చూసి ప్లాన్ మారుస్తాం అంటున్నారు. అంటే మొదటి ప్లాన్ తప్పా? 18 సిట్టింగులూ వేస్టేనా? మళ్లీ స్కాన్ అంటే మళ్లీ రేడియేషనే కదా? ఇంకోటి, గడ్డం బాగా పెరిగింది, తీసేయొచ్చా?

జవాబు: ముందుగా ఇది వినండి, ఆ 18లో ఒక్కటి కూడా వేస్ట్ కాలేదు. మొదటి ప్లాన్ తప్పు కూడా కాదు. ఆ రోజు నాన్నగారి ఒళ్లు ఎలా ఉందో దానికి సరిపడా వేసిన ప్లాన్ అది, ఇప్పుడు ఆ ఒళ్లే మారింది, అంతే.

మామూలుగా 35 సిట్టింగులంటే రోజుకి 2 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోస్ కొలిచే యూనిట్) చొప్పున మొత్తం 70 గ్రే ఇస్తాం, దాదాపు ఏడు వారాలు పడుతుంది. ఈలోపు బరువు తగ్గి మెడ సన్నబడుతుంది, గడ్డ కరుగుతుంది, చెవుల కింద ఉండే లాలాజల గ్రంథులు చిన్నవై మెల్లగా లోపలికి జరుగుతాయి, అలా జరిగి జరిగి మనం గడ్డ కోసం గట్టిగా డోస్ పెట్టిన చోటికే వచ్చేస్తాయి. ఈ గ్రంథులకి సగటున 25, 26 గ్రే దాటకుండా చూసుకుంటాం, దాటితే నోరు ఎండిపోయే బాధ నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండిపోతుంది. వెన్నుపాము సంగతైతే ఇంకా జాగ్రత్త, అక్కడ లెక్క తప్పకూడదు.

ఇక స్కాన్లు కలపడం. రోజూ సిట్టింగ్‌కి ముందు మెషిన్ మీదే చిన్న స్కాన్ తీసి, ఎముకలు పాత స్కాన్‌లో ఉన్నచోటే ఉన్నాయా అని చూసి బల్లని కొన్ని మిల్లీమీటర్లు అటో ఇటో జరుపుతారు, మీరు బయట కూర్చుని ఉంటారు కాబట్టి ఇది కనిపించదు. మెడ ఆకారమే మారిపోయాక ఇది చాలదు, ఎముక సరిగ్గా కుదిరినా పక్కనున్న మెత్తటి భాగాలు కుదరవు. అప్పుడు పాత స్కాన్‌ని, పలచటి గుడ్డ మీద గీసిన బొమ్మని ఒకచోట లాగి ఇంకోచోట నొక్కి సర్దినట్టు, కొత్త స్కాన్ మీదకి సర్దుతుంది కంప్యూటర్. దీన్నే డిఫార్మబుల్ రిజిస్ట్రేషన్ అంటాం. దీంతో గడ్డ, గ్రంథుల చుట్టూ అప్పుడు మేం గీసిన హద్దు గీతలు కొత్త స్కాన్ మీదకి వస్తాయి, ఇప్పటిదాకా ఇచ్చిన 36 గ్రేలో ఏ గ్రంథికి ఎంత పడిందో కూడా లెక్క తేలుతుంది. మీ 18 సిట్టింగులు ఎక్కడికీ పోలేదు అన్నది అందుకే, కొత్త ప్లాన్ ఆ లెక్కని కలుపుకునే మొదలవుతుంది.

అయితే కంప్యూటర్ చేసిందంతా నమ్మేయకూడదు, ఈ మాట నేను గట్టిగా చెప్తా. కరిగిపోయిన గడ్డ కొత్త స్కాన్‌లో లేనే లేదు, అయినా కంప్యూటర్ దానికి జోడీ వెతుకుతూ పక్కనున్న కండని లాక్కొచ్చి అతికిస్తుంది, చూడ్డానికి బొమ్మ నున్నగా, చాలా బాగుంటుంది, కానీ అక్కడ గీత తప్పు. పళ్లలో మెటల్ క్యాప్ ఉంటే ఆ చుట్టూ కూడా ఇదే తంటా. అందుకే డాక్టరూ, డోస్ లెక్కలు చూసే ఫిజిసిస్టూ కూర్చుని ఒక్కో స్లైస్ చూసి గీతలు దిద్దాలి. ఇలా సరిచూడాలని అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఉంది. "గీతలు ఎవరు చెక్ చేశారు" అని మీరు అడగండి, తప్పేం లేదు.

గడ్డ తగ్గింది కదా, రేడియేషన్ పడే చోటు కూడా తగ్గించేస్తారా అని కొందరు ఆశగా అడుగుతారు. అలా చేయం, గడ్డ కనపడకపోయినా మొదట అది పాకిన చోట కంటికి కనిపించని కణాలు మిగిలి ఉండొచ్చు.

కొత్త స్కాన్ డోస్ గురించి భయం వద్దు, ఒక్క సిట్టింగ్‌లో గడ్డకి ఇచ్చేదాంతో పోలిస్తే అది చాలా చాలా తక్కువ. మీరు నిజంగా పట్టించుకోవాల్సింది గ్యాప్. కొత్త ప్లాన్‌కి కొన్ని రోజులు పట్టొచ్చు, ఆలోపు పాత ప్లాన్ మీదే కొనసాగిస్తారా ఆపుతారా అని ముందే అడగండి, ఎందుకంటే ఈ క్యాన్సర్‌లో రోజులు తప్పితే రేడియేషన్ పట్టు తగ్గుతుంది. బరువు ఇంకా పడిపోతే కొత్త మాస్క్ కూడా వదులవుతుంది, కాబట్టి మింగలేకపోతుంటే ముక్కు ట్యూబ్ పెడతామన్నా వద్దనకండి, అది కొన్నాళ్లకే.

గడ్డం తీయాలనుకుంటే కొత్త మాస్క్ చేసేముందే తీయించండి, తర్వాత చివరిదాకా అంతే ఉంచాలి, లేదంటే మాస్క్ కూర్చునే తీరు మారిపోతుంది. బ్లేడ్ మాత్రం వాడకండి, కాలిన చర్మం తెగుతుంది, ఎలక్ట్రిక్ ట్రిమ్మర్ వాడండి, చర్మం ఊడి తడిగా ఉన్నచోట అదీ వద్దు.