కంకరా, రాతి గొడ్డలా?

ప్రశ్న: ఘట్‌కేసర్ వైపు పొలాల్లో పాత రాతి పనిముట్ల కోసం వెతుకుతుంటాను. పదునైన నల్లరాళ్లు చాలా కనిపిస్తున్నాయి. మనిషి చెక్కినవేవో తేల్చుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ముందు రాయి జాతి చూడండి. మన గ్రానైట్‌లో పలుకులు పెద్దవి, కొడితే పొడి రాలుతుందే గానీ పదునైన పెచ్చు లేవదు. ఆ గ్రానైట్‌ను చీల్చుకుని గోడలా సాగే నల్ల డోలరైట్‌ది సన్న పలుకు. గొడ్డళ్లకు పనికొచ్చేది అదే. చిన్న పనిముట్లకు చెకుముకి రాయి, పలుగురాయి వాడారు.

పెచ్చు లోపలి వైపు, దెబ్బ పడిన చోటికి కిందనే చిన్న ఉబ్బు, దాని చుట్టూ చెరువులో అలల్లాంటి గీతలు ఉంటాయి. ఎండకు పగిలిన రాయికి ఈ ఉబ్బు రాదు. చిక్కల్లా క్రషర్ కంకరతోనే, దానికీ వస్తుంది! అందుకే ఒక్క పెచ్చుకు సంబరపడొద్దు. ఒకే అంచు వెంట, రెండు వైపులా, వరసగా పెచ్చులు లేపిన గుంటలు కనబడాలి. గుంటల్లోనూ పాత మాపు (ఏళ్ల తరబడి రాతి పైపొరకు పట్టిన రంగు) ఉండాలి. పైన గోధుమరంగు, గుంటలో తాజా నలుపు ఉంటే అది ట్రాక్టర్ నాగలి దెబ్బే. మిట్టమధ్యాహ్నం ఇవేవీ తెలియవు. సాయంత్రపు ఏటవాలు వెలుగులో, 10 రెట్ల భూతద్దంతో చూడండి.

నవీన శిలాయుగపు గొడ్డలిని పోల్చుకోవడం తేలిక: అంచు నున్నగా అరగదీసి ఉంటుంది, మడమ (అంచుకు ఎదురుగా ఉండే వెనక కొస) గరుకుగా ఉంటుంది. పల్లెల్లో వీటిని పిడుగురాళ్లంటారు. చెట్టు కింద దేవుడి దగ్గర పెట్టి ఉంటే ముట్టుకోకండి.

వేసవి దుక్కి అయ్యి, తొలకరి రాళ్లను కడిగాక, విత్తనం పడకముందు రైతునడిగి వెళ్లండి. వెంచర్ రోడ్ల మీద వెతకడం దండగ, ఆ మొరం ఏ గుట్ట నుంచి టిప్పరెక్కిందో ఎవరికెరుక!

ప్రశ్న: దొరికిన రాయిని ఇంటికి తెచ్చి యాసిడ్‌తో కడగవచ్చా?
– ఒక పాఠకురాలు, మౌలాలి

జవాబు: రెండూ వద్దు. యాసిడ్, వైర్ బ్రష్ తగిలితే అంచు మీది వాడకపు గుర్తులు పోతాయి. దేన్ని కోశారో, గీకారో చెప్పేవి అవే. కదపకముందే పక్కన 10 రూపాయల రెండురంగుల నాణెం (అడ్డం 27 మి.మీ.) పెట్టి ఫొటో తీయండి, తర్వాత రెండు ముఖాలూ అంచూ తీసి, ఉన్నచోటే పెట్టేయండి. ఫోన్ చూపే లొకేషన్ కొన్ని మీటర్లు అటూఇటూ పోతుంది కనుక గట్టు, బోరుబావి లాంటి గుర్తులూ రాసుకోండి. వివరాలు రాష్ట్ర వారసత్వ శాఖకు ఇవ్వండి, లొకేషన్ మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి. ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నేరం.

తవ్వకం జోలికి అసలే పోవద్దు. హష్మత్‌పేటలో ఉన్నలాంటి రాకాసిగూళ్లు, గుండ్ల వలయాలు ఎదురైతే ఒక్క గుండూ జరపకండి, అవి ఇనుపయుగపు సమాధులు.