ఆయా తరచూ లేటుగా వస్తోంది, గట్టిగా అంటే మానేస్తుందేమో: ఏం చేయాలి?

ఆయా 8:30కి రావాలి, వారంలో రెండు మూడు రోజులు 8:50 అవుతోంది, మీకు ఆఫీసు లేటవుతోంది. బాబు ఆవిడకి బాగా అలవాటు పడ్డాడు కాబట్టి గట్టిగా అడగడానికి భయం. ఇదీ మీ ప్రశ్న. చివర్లో ఇంకో మాట కూడా రాశారు, "మాకూ సాయంత్రాలు అప్పుడప్పుడు అరగంట అటూ ఇటూ అవుతుంది" అని. నేను దాంతోనే మొదలుపెడతాను. పొద్దున 20 నిమిషాలు ఆవిడ తప్పు, సాయంత్రం అరగంట మాత్రం సర్దుబాటు అనుకునే ఇంటికి ఏ ఆయా కూడా ఎక్కువ కాలం టైముకి రాదు. సాయంత్రం నోరు తెరిచి అడగలేని అరగంటని పొద్దున తీసుకుంటుంది. అది కావాలని చేసే పని కూడా కాదు, పట్టింపు పోతుందంతే.

ముందు రెండు వారాలు టైములు రాయండి. ఆవిడకి చెప్పే రాయండి, చాటుగా వద్దు. గోడ క్యాలెండర్ మీద రోజుకి మూడు అంకెలు చాలు: ఆవిడ వచ్చింది ఎప్పుడు, మీరు ఇల్లు చేరింది ఎప్పుడు, ఆవిడ గడప దాటింది ఎప్పుడు. చివరి రెండూ వేరువేరుగా రాయడం ముఖ్యం. మీరు 6:00కి వస్తారు, బట్టలు మార్చుకుంటారు, ఒక ఫోన్ మాట్లాడతారు, బిడ్డని చేతుల్లోకి తీసుకునేసరికి 6:25. మీ లెక్కలో మీరు టైముకే వచ్చారు. ఆవిడకి మాత్రం 6:15 బస్సు పోయింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల దగ్గర ఇది ఇంకా ఎక్కువ. "పక్క గదిలోనే ఉన్నాం కదా" అనుకుంటూ ఆఖరి మీటింగ్ సాగదీస్తారు.

అంకెలు చూస్తే కారణం చాలావరకు బయటపడుతుంది. రోజూ అదే 15, 20 నిమిషాలైతే తేడా ప్రయాణంలో ఉంది. బస్సు అరగంటకొకటి ఉంటే, ఒకటి తప్పినా 30 నిమిషాలు పోతాయి. అలాంటప్పుడు డ్యూటీ టైముని బస్సు టైముకి జరపడమే మందు, మందలింపు పనిచేయదు. సెలవు మర్నాడే లేటైతే ఆ ఒక్క రోజు మాట్లాడుకుంటే చాలు. ఒక పద్ధతంటూ లేకుండా ఒకరోజు 5 నిమిషాలు, ఇంకోరోజు 40 అయితే, మీ ఇంటికి ముందు ఇంకో ఇంట్లో పని ఉందేమో అడగండి. అక్కడ పని తెమలకపోతే ఆవిడ ఎంత పరిగెత్తినా లాభం లేదు. ఆవిడ పిల్లల్ని బడికి పంపే టైము కూడా అదే అయుండొచ్చు.

ఇక అసలు మార్పు. మీరు 8:30కి బయల్దేరాలంటే ఆవిడ డ్యూటీ 8:10కి మొదలవ్వాలి, ఆ 20 నిమిషాలకీ జీతం ఇవ్వాలి. దాన్ని ఉచితంగా అడిగితే రెండో వారానికే మళ్లీ 8:30 అవుతుంది. ఆ టైము ఊరికే పోదు. బాబు రాత్రి ఎన్నిసార్లు లేచాడు, పాలు ఎప్పుడు తాగాడు, మందు ఎన్నింటికి వేశారు, ఇవన్నీ అప్పగించాలి. చెప్పుల్లో కాళ్లు పెడుతూ చెప్పిన మాట సగమే వినిపిస్తుంది. జ్వరం సిరప్ సంగతే చూడండి: పారాసిటమాల్ డోసుల మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. మీరు 7:30కి వేసి చెప్పడం మరిచిపోతే, ఒళ్లు కాలుతోందని ఆవిడ 9:00కి మళ్లీ వేస్తుంది. అందుకే మందు సీసా పక్కనే వేసిన టైము రాసిపెట్టండి.

లేటుకి జీతం కోయకండి. ఇది చాలామంది మొదట చేసే పని, చాలా నష్టం చేసే పని కూడా. అరగంట లేటుకి సగం రోజు కోస్తారని తెలిస్తే, బస్సు తప్పిన రోజు ఆవిడ అసలు రాదు. ఫోన్ కూడా ఎత్తదు. మీకు 20 నిమిషాల ఇబ్బంది కాస్తా రోజంతా సెలవు పెట్టే ఇబ్బంది అవుతుంది.

దాని బదులు ఇద్దరికీ ఒకే నియమం పెట్టుకోండి: 10 నిమిషాల దాకా ఎవరూ లెక్కపెట్టరు. ఆపైన మీరు లేటైతే ప్రతి 15 నిమిషాలకీ ఓవర్‌టైమ్, అదే వారం చేతికి. "నెలాఖరున చూద్దాం" అంటే ఇద్దరికీ లెక్క గుర్తుండదు, గొడవ మిగులుతుంది. ఆవిడ లేటయ్యేలా ఉంటే ఇంటి నుంచి బయల్దేరక ముందే కబురు చేయాలి, అందులో టైము ఉండాలి. "దారిలో ఉన్నా" అని 8:29కి వచ్చే మెసేజ్ మీకు దేనికీ పనికిరాదు. "8:40కి వస్తా" అని 7:45కి వస్తే ఆఫీసుకి ఫోన్ చేసుకోవచ్చు. మీరు కూడా రాత్రి 10:00కి "రేపు రావద్దు" అంటే ఆ రోజు జీతం పూర్తిగా ఇవ్వండి. అలా రోజులు పోగొట్టుకున్న ఆయా ఇంకో ఇల్లు వెతుక్కుంటుంది, అక్కణ్ణుంచి మీ టైము రెండో స్థానానికి పోతుంది.

ఇవన్నీ ఆవిడ చదవగలిగే భాషలో ఒక్క పేజీ రాసి ఇద్దరి దగ్గరా ఉంచుకోండి. చదవడం రాకపోతే వాయిస్ మెసేజ్‌గా పంపండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివాళ్ల కోసం ఆమోదించిన 189వ ఒప్పందం కూడా పని గంటలు ముందే స్పష్టంగా చెప్పాలంటుంది, వారానికి కనీసం 24 గంటలు ఏకధాటిగా విశ్రాంతి ఉండాలంటుంది. ఆయా ఇంట్లోనే ఉండే చోట ఈ విశ్రాంతి రాసుకోవడం మరీ అవసరం, లేకపోతే రాత్రి బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ డ్యూటీయే.

మాట్లాడేది మాత్రం పొద్దున గుమ్మం దగ్గర వద్దు, బాబు ముందు అసలే వద్దు. తీరికున్న పూట కూర్చోబెట్టి ఇలా అనండి: "అమ్మా, రెండు వారాల టైములు ఇవి. మేం ఇన్నిసార్లు లేటయ్యాం, ఆ డబ్బు ఇదిగో. పొద్దున మీకు ఏ టైము కుదురుతుందో చెప్పండి, దాన్నే ఖాయం చేద్దాం." ముందు మీ బాకీ తీరాక అడిగితే ఆవిడ నిజం చెబుతుంది. ఆవిడ చెప్పిన టైము మీకు కుదరకపోతే, ఆ మధ్య అరగంట బిడ్డని చూసే ఇంకో మనిషిని ఇప్పుడే మాట్లాడుకోండి, అవసరం పడిన రోజు దొరకరు.

ఇంత చేశాక కూడా నెలలో మూడు నాలుగుసార్లు కబురు లేకుండా లేటైతే ఇంకొకరిని వెతకడం తప్పు కాదు. రెండు వారాల ముందు చెప్పండి, కొత్తావిడ వచ్చిన మొదటి మూడు నాలుగు రోజులు ఇద్దరూ కలిసి ఉండేలా చూడండి. బాబుని నిద్రపుచ్చే తీరు పాతావిడకే బాగా తెలుసు, అది కొత్తావిడకి చూపించేది కూడా ఆవిడే.