బిజినెస్ పనులకు సొంతంగా చిన్న విమానం నడుపుకుంటూ వెళ్లొచ్చా? బేగంపేట నుంచి నా అనుభవం

మీరు అడిగినవి రెండు. హైదరాబాద్‌లో వ్యాపారం, రాయలసీమలో కస్టమర్లు ఉన్నారు, పీపీఎల్ (సొంతానికి విమానం నడిపే ప్రైవేట్ పైలట్ లైసెన్స్) చేతికి రాబోతోంది, ఇకమీదట మీటింగులకు సెస్నా లాంటి చిన్న విమానం వేసుకుని వెళ్తే గిట్టుబాటు అవుతుందా అన్నది మొదటిది. ఇంట్లోవాళ్లు సౌందర్య గారి ప్రమాదం గుర్తుచేసి వద్దంటున్నారు, వాళ్లకేం చెప్పాలి అన్నది రెండోది.

నాది మైనింగ్ మెషినరీ స్పేర్ పార్టుల వ్యాపారం. కడప చుట్టుపక్కల బెరైటీస్ అనే ఖనిజాన్ని పొడి చేసే మిల్లులే మా పెద్ద కస్టమర్లు. కొందరు మిత్రులం కలిసి కొన్న సెస్నా 172 అనే నాలుగు సీట్ల విమానంలో బేగంపేట నుంచి వెళ్లొస్తుంటాను. నిస్సందేహంగా వెళ్లొచ్చండి. కాకపోతే తప్పనిసరిగా ఫలానా టైముకి ఉండి తీరాల్సిన పనికి మాత్రం విమానాన్ని నమ్ముకోకండి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

ముందు టైమ్ సంగతి. కడపకి రోడ్డు మీద 400 కిలోమీటర్ల పైనే, కారులో ఏడెనిమిది గంటలు. గాల్లో నేరుగా అయితే 330 కిలోమీటర్లు. మా సెస్నా గంటకి 200 నుంచి 220 కిలోమీటర్లు పోతుంది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కి వెళ్లిపోయాయి కానీ చిన్న విమానాలకి బేగంపేట అలాగే ఉంది, అదీ ఊరి మధ్యలో. పొద్దున బయల్దేరితే పదింటికల్లా మిల్లులో కూర్చోవచ్చు. అదే బెంగళూరు, చెన్నై, విశాఖ పనులైతే మాత్రం మామూలు ఫ్లైట్ టికెట్ కొనుక్కోండి. రోజంతా సర్వీసులున్న ఊళ్లకి చిన్న విమానం తీయడం శుద్ధ దండగ.

డబ్బు లెక్కలో కారుతో పోల్చి చూస్తే ఎప్పటికీ తేలదు. గంటకి 35 లీటర్ల దాకా ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు) తాగుతుంది. హ్యాంగర్, ఇన్సూరెన్స్, ఏటేటా ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ (విమానం ఎగరడానికి పనికొస్తుందా అనే తనిఖీ), 2,000 గంటలకి ఇంజన్ ఓవర్‌హాల్ అన్నీ కలుపుకోవాలి. నలుగురు కలిసి పంచుకుంటేనే తట్టుకోగలం. ఇంకో మాట, పీపీఎల్ మీద డబ్బు తీసుకుని ఎవర్నీ ఎక్కించుకోకూడదు. డీలర్‌ని తీసుకెళ్లి పెట్రోలు ఖర్చులిమ్మనడం లాంటి ఆలోచన ఉంటే మానుకోండి.

సీట్లు నాలుగున్నాయి కదా అని నలుగురూ వెళ్లలేరు. చిన్న ఎయిర్‌పోర్టుల్లో చాలావాటిలో ఏవ్‌గ్యాస్ దొరకదు, కాబట్టి తిరుగు ప్రయాణానికి కూడా ఇక్కడే నింపుకుని బయల్దేరాలి. ట్యాంకులు నిండితే 200 లీటర్లు, అంటే దగ్గర దగ్గర 145 కిలోలు. ఆ పైన ముగ్గురు పెద్దవాళ్లు, ఒక చిన్న బ్యాగు అంతే. నేను శాంపిల్ బేరింగులు ముందురోజే పార్సిల్ సర్వీసులో పంపించేస్తాను. ఎండాకాలం ఇది ఇంకా బిగుసుకుంటుంది. బేగంపేట ఎత్తు 1,740 అడుగులే అయినా, మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి పలచబడి విమానానికి అది 5,000 అడుగులు దాటిన ఊరిలా ఉంటుంది. రన్‌వే ఎక్కువ కావాలి, పైకెక్కడం మందకొడిగా ఉంటుంది. అందుకే ఎండాకాలంలో పొద్దున్నే వెళ్లడం, లేకపోతే మానేయడం.

బయల్దేరే ముందు పనిలో నేను అస్సలు తొందరపడనిది ఇంధనం చూసుకోవడం. సెస్నా 172 కొత్త మోడళ్లలో 13 చోట్ల డ్రెయిన్లు, అంటే కొద్దిగా ఇంధనం బయటికి తీసి చూసుకునే చిన్న వాల్వులు ఉంటాయి. ఒక్కోదాని కింద చిన్న పారదర్శకమైన కప్పు పెట్టి నొక్కి, వెలుతురులోకి ఎత్తి చూడాలి. ఏవ్‌గ్యాస్ లేత నీలంగా ఉంటుంది. నీళ్లుంటే రంగు లేకుండా అడుగున గుండ్రంగా చేరతాయి. వానాకాలం రాత్రంతా బయట నిలబెట్టిన విమానంలో ఆ బొట్లు నేను చూశాను. శుభ్రమైన నీలం వచ్చేదాకా తీసి పారబోయడమే. ఆ పక్కనే కస్టమర్ ఫోన్ మోగుతున్నా ఎత్తను.

ఇక కాగితాలు. ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్), ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబర్లు తీసుకోవాలి. హకీంపేట, దుండిగల్ రెండూ వైమానిక దళానివి కాబట్టి హైదరాబాద్ చుట్టూ మనిష్టం వచ్చినట్టు తిరగడానికి లేదు, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) చెప్పిన దారే. చిన్న ఎయిర్‌పోర్టుల్లో ఏటీసీ పనివేళలు రోజంతా ఉండవు. ముందురోజే నోటామ్ (పైలట్లకిచ్చే అధికారిక నోటీసు) చూసుకోకపోతే కడపలో కిందికి దిగడానికే కుదరకపోవచ్చు.

ఇంట్లోవాళ్ల మాట కొట్టిపారేయకండి. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ప్రచారానికి బయల్దేరిన ఆ సింగిల్ ఇంజన్ సెస్నా కొద్ది నిమిషాల్లోనే కూలిపోయింది. మా ఆవిడ కూడా మొదట్లో అదే అడిగింది. నాకైతే అంతకంటే ఎక్కువగా గుర్తుండేది 2009 సెప్టెంబర్ 2. రాజశేఖరరెడ్డి గారు బయల్దేరింది ఇదే బేగంపేట నుంచి, వెళ్తున్నది చిత్తూరు జిల్లాకి. రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు ఉన్న హెలికాప్టర్ అది. ఆరోజు నల్లమల మీద వాతావరణం బాగాలేదు. కడపకి నేరుగా గీత గీస్తే సరిగ్గా ఆ నల్లమల మీదుగానే పోతుంది. కింద అడవి, కొండలు, శ్రీశైలం నీళ్లు. ఇంజన్ ఆగితే దిగడానికి ఒక్క మడి కూడా కనిపించదు. అందుకే నేను హైవే వెంబడి కర్నూలు దాకా వెళ్లి, అక్కణ్నుంచి నంద్యాల మీదుగా కుందూ పరీవాహకం పట్టుకుని కడపలో దిగుతాను. పావుగంట ఎక్కువ పడుతుంది. కానీ దారి పొడవునా పొలాలు కనిపిస్తుంటాయి, మధ్యలో ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు ఉంటుంది. ఇంట్లో మ్యాప్ పరిచి ఈ దారి చూపించాను. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులుంటే వెళ్లనని మాటిచ్చాను. మా ఆవిడకి ధైర్యం ఇచ్చినవి ఈ రెండే.

ఇలా వెళ్లకుండా ఆగడం ఎక్కడ కష్టమవుతుందో కూడా చెప్తాను. ఒకసారి డిసెంబర్‌లో రేటు దగ్గర మాటలు సాగి సాగి రెండున్నర దాటింది. ఆ మిల్లు ఓనరు పెద్దాయన, "ఇంత దూరం వచ్చి అన్నం తినకుండా పోతారా సార్, అర్ధగంటలో అయిపోతాది" అని చెయ్యి పట్టుకున్నారు. మనకి ఉన్నది వీఎఫ్‌ఆర్, అంటే కళ్లతో బయటికి చూసుకుంటూ నడిపే పద్ధతి, పగటి వెలుతురులోనే ఎగరాలి. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఐదూ నలభై, ఐదూ నలభై ఐదుకల్లా పొద్దు గుంకుతుంది. పోతే సరిపోవచ్చు, ఎదురుగాలి ఉంటే సరిపోకపోవచ్చు. నేను భోజనానికి కూర్చున్నాను. విమానాన్ని కడపలోనే తాళ్లతో కట్టేసి, రాత్రికి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కాచిగూడ వచ్చేశాను. రెండ్రోజుల తర్వాత ఎండ బాగున్నప్పుడు మిత్రుడొకరు వెళ్లి తెచ్చాడు. ఆర్డర్ ఖాయమైంది, పార్కింగ్ చార్జీ కట్టాం, అంతే. ఆ రైలు టైము నా ఫోన్‌లో ఎప్పుడూ ఉంటుంది. మీరు కూడా మొదటి ట్రిప్పుకి ముందే ఇలాంటి రైలో బస్సో ఒకటి చూసి పెట్టుకోండి. కస్టమర్‌కి కూడా ముందే చెప్పేయండి: "వాతావరణం బాగుంటే వస్తాను, లేకపోతే వీడియో కాల్‌లో మాట్లాడదాం" అని. మా వాళ్లెవరూ తప్పు పట్టలేదు.

పీపీఎల్ వచ్చిన వెంటనే ఒంటరిగా బిజినెస్ ట్రిప్పు పెట్టుకోకండి. మొదట మీ ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ మీటింగూ లేని రోజున కర్నూలు దాకా వెళ్లి రండి. నవంబర్, ఫిబ్రవరి మధ్య అయితే మేలు. పొద్దున పొగమంచు విడవడానికి ఒక్కోసారి తొమ్మిది దాటుతుంది, 5 కిలోమీటర్లు కనిపించేదాకా ఆగాల్సిందే. అది మాత్రం ముందే లెక్కలో వేసుకోండి.