మోహోకి తాలింపు పెట్టే అలవాటు పనికిరాదు

బుజ్జీ,

మోహో, అదే వెల్లుల్లి, నూనె, పుల్ల నారింజ రసం కలిపే క్యూబా సాస్, చేశాననీ, చేదెక్కిందనీ, రూమ్మేట్లు మొహమాటానికి తిన్నారనీ రాశావు. ఫొటో చూడగానే సంగతి అర్థమైంది. వెల్లుల్లి ఎర్రగా వేగిపోయింది కదూ. మన చేతికి అదే అలవాటు, నూనెలో వెల్లుల్లి ఎర్రబడి కమ్మటి వాసన వచ్చేదాకా ఊరుకోం. మయామీ వచ్చిన కొత్తలో నేనూ అలాగే చేశాను. పక్కింటి క్యూబా అవ్వ ఒక చెంచా రుచి చూసి, ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని వాళ్ల వంటింట్లోకి తీసుకెళ్లింది.

ఆవిడ అసలు వెల్లుల్లి వేయించదు. పది పన్నెండు రెబ్బలు, ఒక టీస్పూను ఉప్పు చెక్క రోట్లో వేసి మెత్తగా దంచుతుంది. ఆ రోలుని వాళ్లు పిలోన్ అంటారు. మిక్సీ వద్దు, నీళ్లలా అయిపోయి ఘాటొకటే మిగులుతుంది. రెబ్బ మధ్యలో పచ్చటి మొలక ఉంటే తీసెయ్, అదీ చేదే. దంచిన ముద్దని లోతైన గిన్నెలోకి తీసి అర టీస్పూను జీలకర్ర పొడి, అంతే ఒరెగానో కలుపు. పిజ్జాతో వచ్చిన పొట్లాలు దాచావుగా, అవి చాలు.

ఇప్పుడు అరకప్పు ఆలివ్ నూనె కాచు. చిటికెడు ముద్ద వేస్తే చుట్టూ బుడగలు రావాలి, పొగ మాత్రం రాకూడదు. ఆ నూనె వెల్లుల్లి మీద పొయ్యి. చుయ్‌మని పొంగుతుంది, పచ్చివాసన పోతుంది, రంగు మాత్రం మీగడ రంగు దాటదు. అంతే కావాలి. అది చల్లారాకే రసం పొయ్యాలి. నేనొకసారి తొందరపడి కాగుతున్న మూకుట్లోనే రసం పోశాను. మణికట్టు మీద మచ్చ చూశావుగా, అదే.

రసం సంగతికొస్తే, అసలు వాడేది పుల్ల నారింజ. స్పానిష్‌లో నరాంహా అగ్రియా. మన నారింజా వాళ్ల నరాంహా ఒక కుదురువే. ఆ మాట మన దేశం నుంచి పారశీకం, అరబ్బీ మీదుగా స్పెయిన్ చేరింది. 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో ఈ జాతి గింజలు క్యూబా వైపున్న కరీబియన్ దీవులకు వెళ్లాయి. మోహో అన్న పేరేమో స్పెయిన్ వాళ్ల కేనరీ దీవుల నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చింది. కాయ దొరక్కపోతే రెండు పాళ్లు మామూలు ఆరెంజి రసానికి ఒక పాలు నిమ్మరసం. మొత్తం అరకప్పు. తొక్క నలిగేలా పిండకు. వెల్లుల్లి పులుపు తగిలి ఒక్కోసారి నీలంగా, పచ్చగా తిరుగుతుంది. టెన్షన్ పడకు, తినొచ్చు.

పచ్చిమిర్చి వెయ్యకు. నీకు చెయ్యి ఆగదని తెలుసు. కారం కావాలంటే పక్కన పెట్టుకో.

దేనిమీద వేసుకోవాలంటే, నా ఓటు కర్రపెండలానికే. ఇక్కడ యూకా అంటారు, లాటిన్ కొట్లలో చెక్కు తీసి ఫ్రీజ్ చేసిన పొట్లాలు ఉంటాయి. ఉప్పునీళ్లలో పగుళ్లిచ్చేదాకా ఉడికించి, మధ్యలో ఈనె లాగేసి, పొగలు కక్కుతుండగానే పైన మోహో పొయ్యి. మీ అమ్మమ్మ పెద్దాపురంలో సాయంత్రం పూట ఉడకబెట్టి పెట్టేదే, ఉత్త ఉప్పుతో. ఇది తింటే ఏమనేదో! చికెన్ తొడ ముక్కలకైతే పట్టించి రెండు మూడు గంటలుంచు, అంతకుమించితే పులుపుకి పైపైన పిండిలా అయిపోతుంది. క్యూబా వాళ్లు డిసెంబరు 24 రాత్రి, క్రిస్మస్ ముందు పండక్కి, పందిని ముందురోజే దీంట్లో నానేస్తారు. ఆ రోజు మా వీధంతా వెల్లుల్లి వాసనే.

మిగిలితే ఆవకాయలా గట్టు మీద పెట్టి మర్చిపోకు. నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లిలో, గాలి తగలని చోట, బాట్యులిజం అనే ప్రాణాలమీదికి తెచ్చే జబ్బు కలిగించే సూక్ష్మజీవి పెరుగుతుంది. చెడిందని వాసన కూడా రాదు. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో కానిచ్చెయ్. అసలు తక్కువగా చేసుకోవడమే మంచిది.

శనివారం పెదనాన్న టాంపా వస్తున్నారు. అవ్వగారి చెట్టువి పది కాయలు పంపుతున్నాను. తొక్క గరుకుగా, బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది, పాడైందని పారేసేవు.

పెద్దమ్మ