సిగ్నల్ ఫుల్, క్లాసు మాత్రం ఆగిపోతోంది

ప్రశ్న: మాది రెండంతస్తుల ఇల్లు. రౌటర్ కింద ముందుగదిలో, టీవీ వెనక ఉంది. మా అమ్మాయి పైన వెనకవైపు గదిలో చదువుకుంటుంది. అక్కడికి వైఫై అందడం లేదని ఒక రిపీటర్ కొని ఆ గదిలోనే పెట్టాం. ఇప్పుడు సిగ్నల్ ఫుల్‌గా చూపిస్తోంది కానీ, వీడియో క్లాసు మధ్యమధ్యలో ఆగిపోతోంది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. ఖరీదైన రౌటర్ కొంటే సరిపోతుందని అంటున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే ఏమీ కొనకండమ్మా. మీ ఇంట్లో ఉన్న రెండు పెట్టెల చోటు మారిస్తేనే చాలా తేడా రావచ్చు.

ఫోన్‌లో కనిపించే సిగ్నల్ గుర్తు, ఫోన్‌కీ అది కలిసిన పెట్టెకీ మధ్య ఎలా ఉందో మాత్రమే చెబుతుంది. మీ అమ్మాయి ఫోన్ కలిసింది రిపీటర్‌తో. అది పక్కనే ఉంది కాబట్టి ఫుల్ చూపిస్తోంది. కానీ ఆ రిపీటర్‌కి కిందనుంచి అందుతున్నది పాత నీరసం సిగ్నలే. సరిగా వినపడని చోట నిలబడ్డ మనిషి, వినపడిన నాలుగు ముక్కల్నే పక్కవాళ్లకి గట్టిగా చెబుతున్నట్టు. ఒకే రేడియో ఉన్న రిపీటర్ అయితే వినడం, చెప్పడం రెండూ ఒకే ఛానెల్ మీద, అంటే ఒకే రేడియో దారిలో, వంతులవారీగా చేయాలి. అక్కడే స్పీడు దాదాపు సగం పోతుంది.

మా ఇంట్లో నాన్నగారి గదిలోనూ ఇదే గొడవ. తమ్ముడితో వీడియో కాల్ మొదలైన రెండు నిమిషాలకే బొమ్మ నిలిచిపోయేది. నాన్నగారికి సరిగా వినపడదు, పెదవులు చూసే మాట పోల్చుకుంటారు. బొమ్మ ఆగితే ఆయనకి మాట కూడా ఆగినట్టే. నెట్ ఇచ్చేవాళ్లకి మూడుసార్లు ఫోన్ చేశాను. నాలుగోసారి చేసేముందు ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలిపి స్పీడ్ టెస్ట్ చేశాను. ప్లాన్‌లో ఉన్న స్పీడు పూర్తిగా వచ్చింది. లైను బాగానే ఉంది. రౌటర్‌ని ఇనుప బీరువా వెనక, నేల మీద పెట్టుకున్నది మేమే.

మీరూ ముందు ఆ పరీక్ష చేయండి. కేబుల్‌తో కూడా స్పీడు రాకపోతే లైను బాగుచేయించుకోవాల్సిందే, ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు. వస్తే గనక, రౌటర్‌ని టీవీ వెనకనుంచి తీసేయండి. టీవీలోని లోహం సిగ్నల్‌కి అడ్డు. అద్దాల వెనక ఉండే లోహపు పూత, చేపల తొట్టెలో నీళ్లు కూడా అంతే. వైరు సాగినంతలో మెట్ల వైపు, మనిషి తలెత్తులో పెట్టండి. బయటికి యాంటెనాలు ఉంటే ఒకదాన్ని నిలువుగా ఉంచి, ఇంకోదాన్ని అడ్డంగా వాల్చి చూడండి. నిలువు యాంటెనా చుట్టుపక్కలకి బాగా పంపుతుంది, తన కొన వైపు, అంటే నేరుగా పైకి, చాలా తక్కువ పంపుతుంది. పై అంతస్తుకి ఈ చిన్న మార్పు పనికొస్తుంది.

తర్వాత రిపీటర్. దాని చోటు పిల్ల గది కాదు, సగం దారి. సిగ్నల్‌ని అంకెల్లో చూపించే యాప్‌లు ఉన్నాయి. డీబీఎం అంటే సిగ్నల్ బలానికి కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. అందులో మైనస్ 50 డీబీఎం అంటే చాలా బాగున్నట్టు, మైనస్ 80 అంటే నమ్మలేం. వీడియో కాల్‌కి మైనస్ 67 దాకా ఫరవాలేదు. రిపీటర్ ఆపేసి, ఫోన్ పట్టుకుని మెట్లెక్కుతూ చూడండి. రౌటర్ సిగ్నల్ మైనస్ 60, 65 మధ్య ఉన్నచోట రిపీటర్ పెట్టండి.

రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు ఉంటే, దగ్గరి గదుల్లో 5 వాడండి. అది వేగం, కానీ గోడలు దాటేసరికి నీరసిస్తుంది. 2.4 దూరం పోతుంది కానీ అక్కడ రద్దీ ఎక్కువ, మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా ఆ దగ్గరలోనే. అందులో ఛానెల్ 1, 6, 11లలో ఒకటి ఎంచుకోండి. ఈ మూడూ ఒకదానిమీద ఒకటి పడవు. 3లో పెడితే అటు 1 వాళ్ల గోల, ఇటు 6 వాళ్ల గోల రెండూ తగులుతాయి.

ఇక ఖరీదైన రౌటర్ మాట. వైఫైలో మాట రెండువైపులా నడవాలి. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా, ఫోన్ ఇచ్చే చిన్న జవాబు దానికి వినపడాలి కదా. క్లాసులో మీ అమ్మాయి గొంతు, బొమ్మ వెళ్లేది ఆ దారినే. రౌటర్ శక్తి పెరిగితే ఫోన్ శక్తి పెరగదు.

డబ్బు పెట్టాలనే ఉంటే ల్యాన్ కేబుల్ మీద పెట్టండి. నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది ఇదే. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా సెకనుకి 1 గిగాబిట్ మోస్తుంది. దాన్ని పై గదికి లాగి ల్యాప్‌టాప్‌కి పెడితే క్లాసుకి వైఫై అవసరమే ఉండదు. ఫోన్‌కీ కావాలంటే, పాత రౌటర్ ఉంటే దాన్ని ఆ కేబుల్ చివర యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌ని అక్కడ వైఫైగా ఇచ్చే పెట్టెగా, వాడుకోండి. అందులో డీహెచ్‌సీపీ (ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ ఐపీ అడ్రస్‌లు, అంటే నెట్‌వర్క్‌లో గుర్తింపు నంబర్లు, పంచే పని) ఆపేసి, దాని ఐపీ అడ్రస్ మొదటి రౌటర్‌కి భిన్నంగా మార్చి, కేబుల్‌ని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ లైను పెట్టేచోట) కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టాలి. నాన్నగారి గదిలో నేను చేసింది అదే. ఇప్పుడు తమ్ముడితో గంటసేపు మాట్లాడుతున్నారు.

కేబుల్ లాగడం అస్సలు కుదరకపోతేనే మెష్ (ఇంట్లో అక్కడక్కడా పెట్టిన రెండుమూడు పెట్టెలు కలిసి ఒకే వైఫైగా పనిచేసే ఏర్పాటు) గురించి ఆలోచించండి. పరీక్షలు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఆలస్యం చేయకుండా, ముందు స్పీడ్ టెస్ట్ చేసి కేబుల్‌తో ఎంత వచ్చిందో, పై గదిలో ఎంత వచ్చిందో రెండు అంకెలూ నాకు రాయండి.