కొట్టేసిన వాక్యం

మల్లేశ్వరం, బెంగళూరు
ఆదివారం పొద్దున

అమ్మాయీ,

నువ్వు పంపిన ఎనిమిది పేజీలూ రెండుసార్లు చదివాను, మొదటిసారి కాఫీతో, రెండోసారి పెన్సిలుతో. పిల్లలకు నీటి చదువు చెబుతూ, ఊరివాళ్ళనీ అధికారులనీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే సంస్థను నడుపుతున్న ఆ ఇద్దరి మీద, ఆయన మీదా ఆవిడ మీదా, రాయాలనుకోవడం మంచి ఆలోచనే. తెలుగులో ఇలాంటివాళ్ళ మీద సన్మాన పత్రాలు చాలా వచ్చాయి, వ్యాసాలే తక్కువ. నీది కూడా ఆరో పేజీ దాకా సన్మాన పత్రమే. శాలువా ఒక్కటే తక్కువైంది.

మొత్తం మీద నాకు బాగా పట్టిన వాక్యం నువ్వు కొట్టేసింది, ఆవిడ పెట్టిన మీటింగుకి నీళ్ళ ట్యాంకర్లు నడిపే ఆయన వచ్చిన చోటుది. "ట్యాంకర్లాయన లేచి అరుస్తుంటే ఆవిడ ఇరవై నిమిషాలు నోరు మెదపలేదు." గీత సన్నగా గీశావు కాబట్టి చదవగలిగాను. ఎందుకు కొట్టేశావో తెలుస్తూనే ఉంది. ఆవిడ చిన్నబోయినట్టు కనిపిస్తుందనుకున్నావు. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు "అపర భగీరథుడు" సంగతి చూద్దాం. రెండో పేజీలో ఆయన్ను ఆ మాట అన్నావు. ఐదో పేజీలో ఆవిడను కూడా అనబోయి, స్త్రీలింగం కుదరక మానుకున్నట్టున్నావు. మన పత్రికల్లో బావి తవ్వించినా భగీరథుడే, బోరు వేయించినా భగీరథుడే, కుళాయికి రిబ్బను కత్తిరించినా భగీరథుడే. అసలు కథలో తవ్వింది సగరుడి కొడుకులు, అరవై వేల మంది. భూమినంతా తవ్వి తవ్వి చివరికి కపిలుడి కోపానికి బూడిదయ్యారు. తాత అంశుమంతుడి వల్ల కాక, తండ్రి దిలీపుడి వల్లా కాక ఆ పని భగీరథుడి చేతికొచ్చింది. ఆయన చేసిందల్లా అడగడం. బ్రహ్మను అడిగాడు, శివుణ్ణి అడిగాడు, తీరా గంగ దిగొస్తుంటే జహ్నువు మింగేశాడు, ఆయన్నీ బతిమాలుకున్నాడు. గడప గడపా ఎక్కి అడిగిన మనిషి అన్న అర్థంలో వాడతానంటే నాకే అభ్యంతరం లేదు, మీవాళ్ళిద్దరికీ ఆ మాట భేషుగ్గా సరిపోతుంది. పొగడ్తకైతే తీసెయ్.

పొగడ్త విషయంలో నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. చాలా ఏళ్ళ కిందట ఈ ఊళ్ళోనే ఒక చెరువును బాగుచేయించిన పెద్దమనిషి మీద పొడుగాటి వ్యాసం రాశాను. పూడిక తీశారు, కట్ట గట్టిచేశారు, చుట్టూ కంచె వేసి నడిచే బాట పరిచారు, గేటుకి వేళలు రాసిన బోర్డు తగిలించారు. వానాకాలం చివరికి చెరువు నిండింది. నేనూ దానితోపాటు నిండిపోయి రాశాను. అది అచ్చయిన వారానికి మా వీధిలో పాలు పోసే ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, "ఆ గేటు పెట్టినోళ్ళ గురించేనా సార్ రాసింది?" అంది. ఆవిడ ఇంతకుముందు రోజూ ఆ చెరువు అంచున తన రెండు ఆవులకీ గడ్డి కోసుకునేదట. "ఇప్పుడు కొడవలి చేతిలో ఉంటే లోపలికి రానియ్యరు. చెప్పులేసుకుని నడిచేటోళ్ళకే." ఆ పెద్దమనిషి చెడ్డవాడేమీ కాదు. అడిగితే చెప్పేవాడేమో, ఏదో ఒక దారి చూసేవాడేమో. నేనే అడగలేదు. చెరువు నిండినప్పుడు ఎవరి బతుకులో ఏం తగ్గిందో అడగాలన్న ఊహే నాకు రాలేదు. పాలలో నీళ్ళు కలిపావని ఆవిడతో పేచీ పెట్టుకునేవాణ్ణి, ఆ రోజు నుంచి మానేశాను.

కాబట్టి నీ ఇద్దరినీ ఇంకోసారి కలిసినప్పుడు, వాళ్ళు గెలిచిన కథలు అడక్కు. అవి వాళ్ళకు కంఠతా వచ్చు, ఇప్పటికి పదిమందికి చెప్పి ఉంటారు. ఎవరు మీతో మాట్లాడటం మానేశారు అని అడుగు. ఏ అపార్ట్‌మెంటులో మిమ్మల్ని మళ్ళీ రావద్దన్నారు అని అడుగు. ఆ జవాబు చెప్పేటప్పుడు వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, అక్కడ నీ వ్యాసం మొదలైనట్టు.

ఇక భాష. నీ మూడో పేజీలో "భూగర్భ జల పునర్భరణ ప్రక్రియలో నేల పారగమ్యత కీలకపాత్ర పోషిస్తుంది" అని ఉంది. ఈ వాక్యం ఎవరిది? వాళ్ళ కరపత్రంలోది కదూ. ఈ ఊళ్ళో బావులు తవ్వేవాళ్ళు మన్ను వడ్డర్లు, తరతరాలుగా మట్టి పని చేసేవాళ్ళు. వాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఇక్కడ పుట్టి పెరిగి, వీధిలో కన్నడం, బావిలో తెలుగు. వాన నీటి సంరక్షణ మీద పనిచేసే ఎస్. విశ్వనాథ్‌ గారూ బయోమ్ ట్రస్టు వాళ్ళూ 2015 నుంచి బెంగళూరులో పది లక్షల ఇంకుడు బావులు అంటూ మొదలుపెట్టిన ప్రయత్నం వల్ల, బోర్ల కాలంలో పని పోయిన ఈ మనుషులకి మళ్ళీ పిలుపులు వచ్చాయి. నీళ్ళ సంస్థల మీద రాసే తెలుగు రచయితకి ఇంతకన్నా అదృష్టం ఏముంటుంది? దుబాసీ లేకుండా బావి అడుగుదాకా వెళ్ళొచ్చు.

మొన్నామధ్య మా వెనక వీధిలో అలాంటి బావి ఒకటి తవ్వారు. మూడడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు. లోపల ఒకడే, గడ్డపారతో. పైన ఇద్దరు తాడూ బకెట్టూ పట్టుకుని. తవ్వడం అయ్యాక సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దించారు. ఒరలకి చిల్లులుంటాయి, ఒరకీ మట్టికీ మధ్య సందులో జల్లి పోస్తారు. మిద్దె మీద వాన గొట్టంలోంచి వచ్చి అక్కడ ఇంకుతుంది. ఇదంతా నువ్వు రాశావు, బాగానే రాశావు. కానీ తవ్వే ముందు పెద్దాయన ఆ స్థలంలో మూడుచోట్ల పిడికెడు మట్టి తీసి, నీళ్ళు చిలకరించి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. నాలుగో చోట ఆగి, "ఈ మన్ను తాగుతాది సార్. ఆ మూలది తాగదు, పక్కకి ఉమ్మేస్తాది" అన్నాడు. పారగమ్యత అన్నది అదే. తాగే మన్ను, తాగని మన్ను అని రాస్తే మా అమ్మకి కూడా అర్థమయ్యేది. సంస్థ నడిపేవాళ్ళకి ఈ మాట తెలుసో లేదో కనుక్కో. తెలిస్తే, దాన్ని తమ పాఠంలో పెట్టుకున్నారో లేదో చూడు. పెట్టుకోకపోతే వాళ్ళు చెప్పే చదువు ఎవరి కోసమో నీకే తెలిసిపోతుంది.

అంకెల గురించి చెప్పాలంటే, నీ మొదటి పేజీలో పదకొండున్నాయి. లెక్కపెట్టాను. కావేరి నీళ్ళు దాదాపు 100 కిలోమీటర్ల నుంచి వస్తాయి, అర కిలోమీటరు ఎత్తుకి తోడుతారు. ఇది ఉంచు, ఎందుకంటే కుళాయి తిప్పేవాడికి ఆ ఎత్తు కనిపించదు. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ ప్రారంభమై రోజుకి ఇంకో 77.5 కోట్ల లీటర్లకు దారి ఏర్పడిందన్నదీ ఉంచు, అదే ఏడాది మార్చిలో తాగే నీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారన్న దాని పక్కన. మిగతావి ఎవరికీ గుర్తుండవు.

దానికి బదులు వాళ్ళు బడిలో చెప్పే పాఠంలో నువ్వు దాటేసిన ముక్క ఒకటుంది, అక్కడ ఆగు. కోసిన ప్లాస్టిక్ సీసాకి స్కేలు అంటించి పిల్లలు వాన కొలుస్తారని ఒక్క ముక్కలో ముగించావు. ఆ పాఠం కీలకం వేరే ఉంది. 1 మిల్లీమీటరు వాన 1 చదరపు మీటరు మీద పడితే సరిగ్గా 1 లీటరు. అంతే, ఇంక గుణకారమే. ఈ ఊళ్ళో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్లు పడుతుంది. ఇక్కడివాళ్ళు ముప్పై నలభై అనే సైటు, అంటే 1,200 చదరపు అడుగులు, దాదాపు 111 చదరపు మీటర్లు. గుణిస్తే లక్ష లీటర్లు దాటుతుంది. ఆరో తరగతి పిల్ల ఈ లెక్క చేసి ఇంటికెళ్ళి నాన్నను మిద్దె కొలవమంటుంది. అలాంటి సైట్లో కొత్త ఇల్లు కడితే వాన నీళ్ళు పట్టుకునే ఏర్పాటు ఉండాలని 2009 నుంచి చట్టమే ఉంది. మన ఇంట్లో అది ఉందా అని ఆ పిల్ల అడుగుతుంది. నాన్న ఏం చెబుతాడో అక్కడ నువ్వుండాలి. బడిలో చప్పట్లు కొట్టే పిల్లల ఫొటో నాకొద్దు.

ఫొటో అంటే గుర్తొచ్చింది, డబ్బు. దాని గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు, అడగడం మర్యాద కాదనుకున్నావేమో. అడుగు. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చుపెట్టాలి. ఆ డబ్బుకి చెరువంటే ఇష్టం, కట్ట మీద దాత పేరున్న పలక నిలబడుతుంది కదా. పిల్ల అడిగిన ప్రశ్న మీద పలక నిలబడదు. చదువు, సంభాషణ అని పేరు పెట్టుకున్న సంస్థ ఏడాది చివర్లో దాతకి ఏమని లెక్క చెబుతుంది? "ఎన్ని లీటర్లు ఆదా అయ్యాయి?" అన్న గడిలో ఏం నింపుతుంది? ఆ గడి నింపే రాత్రి వాళ్ళిద్దరి మధ్య వాదన జరిగే ఉంటుంది. ఎవరు ఏ పక్షమో కనుక్కుంటే నీకు ఇద్దరు మనుషులు దొరుకుతారు. ఇప్పుడు నీ వ్యాసంలో ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు, ఆకాశవాణిలో యుగళగీతంలా.

సంభాషణ అన్నాను కాబట్టి కోలారు సంగతి చెప్పి ముగిస్తాను. బెంగళూరు మురుగునీళ్ళని రెండు దశలు శుద్ధి చేసి, కోరమంగల-చల్లఘట్ట లోయ నుంచి కోలారు చెరువులకి ఎత్తిపోసే పథకం తెలుసుగా, రోజుకి 44 కోట్ల లీటర్ల లెక్కతో వేసినది. 2018 జూన్‌లో మొదటి చెరువుకి నీళ్ళు చేరాయి. ఎండిపోయిన బోర్లు మళ్ళీ పోశాయి, అది నిజం. మూడో దశ శుద్ధి కూడా చెయ్యాలని పోట్లాడుతున్నవాళ్ళున్నారు, అదీ నిజం. ఆ రోజుల్లో అక్కడ ఒక ఊరి రచ్చకట్ట మీద జరిగిన మీటింగుకి ఒక సంస్థవాళ్ళతో కలిసి వెళ్ళాను. పథకం మంచిదనేవాళ్ళూ విషమనేవాళ్ళూ గంటసేపు అరుచుకున్నారు. అందరూ అలిసిపోయాక వెనకనుంచి ఒక ముసలావిడ, ఆ పక్క తెలుగులో, "నీళ్ళయితే వచ్చిండాయి సామీ. కప్పలే రాలేదు" అంది.

కొందరు నవ్వారు. సంస్థ నడిపే మనిషి నవ్వలేదు, పుస్తకం తెరిచి, "ఎప్పట్నుంచమ్మా?" అని మాత్రం అడిగాడు. ఆవిడ చెప్పింది, ఆయన రాసుకున్నాడు. తర్వాత ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కొంగల గురించి చెప్పారు, బట్టలుతికితే చేతుల దురద గురించి చెప్పారు. అంతవరకూ పక్షాలుగా కూర్చున్నవాళ్ళు జరిగి దగ్గరికొచ్చారు. ఆయన ఆ సాయంత్రం మొత్తం మీద పది వాక్యాలకు మించి మాట్లాడలేదు. ఆయన మీద రాయమంటే నేను రాసేది ఆ "ఎప్పట్నుంచమ్మా" గురించే.

ఇప్పుడు నీ ఇరవై నిమిషాలకి వద్దాం. మీటింగు పెట్టింది ఆవిడ, ట్యాంకర్లాయన్ని పిలిచింది ఆవిడ, నలుగురిలో ఆయన అరుస్తుంటే ఊరుకున్నదీ ఆవిడే. నువ్వు ఓటమి అనుకున్నావు. నాకు మాత్రం ఆవిడ చేసే ఉద్యోగమే అది అనిపిస్తోంది. ఆ వాక్యాన్ని మొదటి పేజీలోకి తెచ్చుకో. తెచ్చాక నీకో చిక్కొస్తుంది. ఆయన ఆ ఇరవై నిమిషాలూ ఏమన్నాడు? నీ పేజీల్లో లేదు. 2024లో ట్యాంకరు ధరలకి ప్రభుత్వం కట్టడి పెట్టింది, 12,000 లీటర్లు ఐదు కిలోమీటర్లలోపు అయితే 1,000 రూపాయలు. డీజిలెంత, బోరున్న రైతుకి ఇచ్చేదెంత, క్యూలో పోయే గంటలెన్ని, రాత్రి రెండింటికి అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఆయన డ్రైవరు తినే తిట్లెన్ని, ఇవన్నీ ఆయన చెప్పే ఉంటాడు. అందరం ట్యాంకరు నీళ్ళు తాగుతూనే ఆయన్ని మాఫియా అంటాం. ఆయన వైపు కథ నువ్వు వినకుండా ఆవిడ ఎందుకు ఊరుకుందో ఎలా రాస్తావు?

వెళ్ళి ఆయన్ని పట్టుకో. పొద్దున్నే అయితే దొరకడు, లోడ్లు ఉంటాయి. మధ్యాహ్నం మూడు తర్వాత చూడు. ఫోన్ నంబరు ఆవిడ దగ్గర ఉండే ఉంటుంది. లేకపోతే, లేదని కూడా రాయి.

ఆశీస్సులతో,
బాబాయి